ఇరవై నాలుగు సెకన్లు

ఆ వేసవిలో మా కోడలి ఉద్యోగం పదిహేడు సెకన్లకీ ఇరవై నాలుగు సెకన్లకీ మధ్య ఇరుక్కుపోయింది.

మామూలు మనిషికి ఏడు సెకన్లంటే ఒక ఆవలింత. మా ఇంట్లో మాత్రం ఆ ఏడు సెకన్ల పుణ్యమా అని ఐదారు వారాలు ఎవరూ ఎవరి మొహం చూసి సరిగ్గా మాట్లాడలేదు.

నేను ముప్ఫై నాలుగేళ్ళు కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి. నేను రాసిన ప్రయోగాల పుస్తకం ఒకటుంది. దాని అసలు పేరు ఎవరికీ గుర్తుండదు. అట్ట రంగునిబట్టి 'నీలం పుస్తకం' అంటారు. ఈ చుట్టుపక్కల స్కూళ్ళలో చదివిన ప్రతివాడూ అందులోంచి కాపీ కొట్టే గట్టెక్కాడు. పిల్లల రికార్డుల్లో ఉండేవి నా అంకెలు. పరీక్ష చేయడానికి వచ్చే ఎగ్జామినరు జేబులో ఉండేవీ నా అంకెలే. కాపీ కొట్టేవాడొకడు, ఆ కాపీని దిద్దేవాడొకడు. ఇద్దరూ కలిసి నాకు నమస్కారం పెట్టేవాళ్ళు. గౌరవమంటే అదేనని నమ్మి హాయిగా బతికాను.

మా కోడలు అదే స్కూల్లో, అదే ల్యాబులో, నేను నిలబడ్డ బల్ల వెనకే నిలబడి పాఠం చెబుతోంది. కాంట్రాక్టు టీచరు. మూడేళ్ళు అయింది. ఈ ఏడు ప్రాక్టికల్ పరీక్షలు బాగా జరిగితే బడి తెరిచేలోగా పర్మనెంటు చేస్తానని ప్రిన్సిపాల్ మాటిచ్చింది. జరగకపోతే ఏమిటో చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. ఆ గేటు బయట కాగితాలు పట్టుకుని నిలబడేవాళ్ళకి కొదవ లేదు.

అలాంటి సమయంలో తెలివైనవాళ్ళెవరైనా తల వంచుకుని నీలం పుస్తకం చెబుతారు. మా కోడలు సెన్సార్లు తెచ్చింది.

ఒక సాయంత్రం అవి మా భోజనాల బల్ల మీద ప్రత్యక్షమయ్యాయి. అగ్గిపెట్టెలంత నల్ల డబ్బాలు. ఒక్కోదానికీ ఒక్కో తోక. తోకలన్నీ వెళ్ళి లాప్‌టాప్‌లో దూరాయి. కోడలు ఫ్లాస్కులో నీళ్ళు పోసి, దానికి ఇటు చిన్న బల్బు, అటు నల్ల డబ్బా పెట్టింది. మా ఆవిడ చెంచాడు పాలు పట్టుకుని ఆపరేషన్ థియేటర్లో నర్సులా పక్కనే నిలబడింది.

"ఒక్క చుక్క వెయ్యండి అత్తయ్యగారూ."

మా ఆవిడ వేసింది. తెర మీద గీత జర్రున కిందికి జారింది.

"అయ్యయ్యో, పాడుచేశానా?"

"లేదండీ! నీళ్ళు తెల్లబడ్డాయి కదా, అవతలికి వెలుతురు తక్కువ వెళ్ళింది. ఆ సంగతే గీత చెబుతోంది."

మా ఆవిడ మొహం చాటంత అయింది. "ఇన్నేళ్ళు ఈయనతో కాపురం చేశాను. ఒక్క ప్రయోగం నా చేత చేయించలేదు."

"దీన్ని ప్రయోగం అనరు. పాలు పారబోయడం అంటారు," అన్నాను.

"అసలు ప్రయోగానికి రిహార్సల్ మామయ్యగారూ," అంది కోడలు. "హైపో, యాసిడ్."

ఆ ప్రయోగం నాకు చెప్పాలా? ఒక కాగితం మీద ఇంటూ గుర్తు వేసి, దాని మీద ఫ్లాస్కు పెట్టాలి. ఫ్లాస్కులో హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్ ద్రావణం, అందులో కాస్త యాసిడ్. రెండూ కలిస్తే గంధకం పుట్టి నీళ్ళు తెల్లగా, చిక్కగా అవుతాయి. పైనుంచి చూస్తుంటే అడుగున ఇంటూ గుర్తు మాయమవుతుంది. ఎన్ని సెకన్లకి మాయమైందో రాసుకోవాలి. తరవాత హైపో తగ్గిస్తూ నీళ్ళు పెంచుతూ మళ్ళీ మళ్ళీ చేయాలి. హైపో యాభై మిల్లీలీటర్లయితే ఇరవై నాలుగు సెకన్లు. నలభై అయితే ముప్ఫై. ముప్ఫై అయితే నలభై. ఇరవైకి అరవై, పదికి నూట ఇరవై. నీలం పుస్తకం, ముప్ఫై ఒకటో పేజీ. వేగానికి గ్రాఫ్ గీస్తే తాడు లాగి కట్టినట్టు తిన్నని గీత. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళు నా పిల్లలు.

"కళ్ళుండగా ఈ డబ్బాలెందుకమ్మాయ్?"

"కంటికి ఆఖరి క్షణం ఒక్కటే తెలుస్తుంది మామయ్యగారూ. గుర్తు ఉంది, గుర్తు లేదు, అంతే. ఎప్పుడు మెల్లగా నడిచింది, ఎక్కడ పరుగెత్తింది, ఆ నడక మొత్తం గీతలో కనబడుతుంది. వేగం గురించి చెబుతూ వేగాన్ని చూపించకపోతే ఎలా?"

"పరీక్షలో నడక అడగరు. అంకె అడుగుతారు."

మావాడు తలెత్తకుండా అన్నం తింటున్నాడు. ఇంట్లో గోడలు కూలుతున్నా ఏ పక్షమూ తీసుకోకుండా కంచం ఖాళీ చేయగల సమర్థుడు వాడు.

*

వారం తిరక్కుండా ప్రిన్సిపాల్ ఫోను చేసింది. "మీరొకసారి వచ్చి ఆవిడ క్లాసు చూసి చెప్పండి మాస్టారూ. నాకైతే ఆ గీతలు చూస్తే ఆస్పత్రి గుర్తొస్తోంది."

వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాను. ఇరవై ఆరుమంది పిల్లలు. కోడలు కిటికీలకి అట్టముక్కలు అడ్డం పెట్టి ప్రొజెక్టరుతో గోడ మీద గ్రాఫ్ వేసింది. ఇంకా ఖాళీ గ్రాఫే. దాని ముందు పిల్లలు గోల.

"ముందు గీత ఎలా ఉంటుందో మీరు వేసి చూపించండి," అని వాళ్ళకే సుద్దముక్కలిచ్చింది. ఒకడు జారుడుబల్ల గీశాడు. ఒకడు మెట్లు గీశాడు. ఇంకొకడు కొండ గీసి, పైన జెండా కూడా పెట్టాడు. నా క్లాసులో అయితే వాణ్ణి జెండాతో సహా బయట నిలబెట్టేవాణ్ణి. ఈవిడ పకపకా నవ్వింది. టీచరు నవ్వితే క్రమశిక్షణ ఏముంటుంది?

యాసిడ్ పోశారు. ఒక ఫ్లాస్కు ఊపి బల్బు ముందు, ఇంకోటి ఇంటూ గుర్తు మీద పెట్టారు. గోడ మీద గీత మొదలైంది. కదలకుండా అడ్డంగా పోతోంది.

"పనిచేయడం లేదు టీచర్!"

"పనిచేస్తోంది. లోపల మొదలైంది, మనకింకా కనబడటం లేదు. ఆగండి."

ఆగారు. ఇరవై ఆరుమంది, నోరు మూసుకుని. ముప్ఫై నాలుగేళ్ళలో బెత్తం ఎత్తకుండా అంత నిశ్శబ్దం నేను వినలేదు. ఎనిమిదో సెకను దగ్గర గీత ఒళ్ళు విరుచుకుంటున్నట్టు వంగింది. ఆ వెంటనే దబ్బున దిగింది. పదిహేడుకి అడుగు తాకింది. అదే క్షణంలో రెండో ఫ్లాస్కు మీద వంగి చూస్తున్న పిల్లలు "మాయం!" అని అరిచారు.

నేను లేచాను. "తప్పు. ఇరవై నాలుగు రావాలి."

"ఇవాళ గదిలో ముప్ఫై నాలుగు డిగ్రీలుంది సార్," అంది కోడలు. బడిలో నేను సార్‌నే. "వేడికి వేగం పెరిగింది. ఇప్పుడు చల్లగా చేసి చూద్దాం."

మంచునీళ్ళ తొట్టెలో కూర్చోబెట్టిన ఫ్లాస్కు తెచ్చి అదే ప్రయోగం మొదలుపెట్టింది. గీత నత్తలా పోతోంది. ఇరవై దాటింది, ముప్ఫై దాటింది, ఇంకా వంగే ఉద్దేశం లేదు.

రెండో బెంచీలో ఒక పిల్ల లేచి నిలబడింది. జడలు రెండూ ముందుకు వేసుకుని, పెన్సిలు చివర కొరికి కొరికి పీచు చేసిన రకం.

"సార్, పుస్తకంలో ఇరవై నాలుగు అనుంది కదా. మీరు చేసిన రోజు గదిలో ఎన్ని డిగ్రీలుంది సార్? అది రాయలేదు."

"చలికాలం," అన్నాను ఠక్కున.

ఆ పిల్ల గోడ వైపు చూసింది. చల్లటి ఫ్లాస్కు గీత నలభై దాటి ఇంకా పాకుతూనే ఉంది. "చలికాలమైతే ఇంకా ఎక్కువ పట్టాలేమో కదా సార్?"

"కూర్చో."

కూర్చుంది. ఎవరూ నవ్వలేదు. కోడలు నా వైపు చూడనైనా లేదు, గీతనే చూస్తోంది. ఆ చూడకపోవడానికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎలా ఉంది మాస్టారూ?" అంది ప్రిన్సిపాల్ గేటు దగ్గర.

"ఆటబొమ్మలు," అన్నాను.

*

"చలికాలమా?" అంది మా ఆవిడ ఇంట్లో, బట్టలు మడతపెడుతూ. అప్పటికే కోడలు ఆవిడ చెవిన వేసింది కాబోలు. "ఆ పేజీ మీరు వంటింట్లో స్టూలు మీద, ఒంటి మీద బనీను కూడా లేకుండా కూర్చుని రాశారు. ప్రెస్సు నుంచి వచ్చినాయన వరండాలో చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. నేను మూడుసార్లు మంచినీళ్ళిచ్చాను. బడికి సెలవులు కూడాను."

"అయితే?"

"ఏం లేదు. చలికాలం అన్నారు కదా అని."

నిజమే. ల్యాబుకి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరో ఉంది. ప్రెస్సు మనిషి పేజీలు పట్టుకెళ్ళాలి. నేను పన్నెండు వందలు అనే అంకె తీసుకున్నాను. యాభైతో భాగించాను, ఇరవై నాలుగు. నలభైతో భాగించాను, ముప్ఫై. ఎక్కడా శేషం రాలేదు. ముచ్చటేసింది. సూత్రం తెలిసినవాడు ఫ్లాస్కు కడుక్కుంటూ కూర్చోవడం దేనికి? ఉష్ణోగ్రత రాయలేదంటే, వంటింటి ఉష్ణోగ్రత రాయలేక.

అయినా ప్రకృతి నా లెక్కకి మరీ దూరంగా ఉండదని నా ధీమా. ఆదివారం పొద్దున్నే స్కూలుకి వెళ్ళాను. ల్యాబు అటెండరు తలుపు తీశాడు. నేను ఉద్యోగంలో చేరిన మరుసటేడు చేరినవాడు, ఇంకో రెండేళ్ళలో దిగిపోతాడు. హైపో కలిపి ఇచ్చి, పక్కన స్టూలు మీద కూర్చుని నన్ను వింతగా చూడటం మొదలుపెట్టాడు.

స్టాప్‌వాచ్ పట్టుకుని నేనే చేశాను. పద్దెనిమిది. మళ్ళీ చేశాను. పదిహేడు. ఫ్లాస్కు మురికిదేమోనని ఇంకోటి తెప్పించాను. పద్దెనిమిది. నీళ్ళు ఎక్కువ కలిపినదానికి నూట ఇరవై రావాలి. తొంభై ఎనిమిది. ఇంకోసారి, నూట మూడు. గంధకం ఘాటుకి దగ్గొచ్చింది తప్ప నా అంకెల్లో ఒక్కటీ రాలేదు.

"మీ చేత్తో మీరు ఈ ప్రయోగం చేయడం ఇదే మొదటిసారి చూడటం సార్," అన్నాడు అటెండరు.

"నా పిల్లలకి ఏటా వచ్చేది కదయ్యా ఇరవై నాలుగు!"

"వాళ్ళు ఫ్లాస్కు చూసేవాళ్ళు కాదు కదండీ, గడియారం చూసేవాళ్ళు. ముల్లు ఇరవై నాలుగు మీదికి రాగానే 'మాయం సార్' అని అరిచేవాళ్ళు." చెప్పాలా వద్దా అని చూసి, ఇంక భయమెందుకు అనుకున్నట్టున్నాడు. "ఒక ఏడు యాసిడ్ నిండుకుంది సార్. మీకు చెబితే తిడతారని సీసాల్లో కుళాయి నీళ్ళు పట్టి పెట్టాను."

"పెడితే?"

"అందరికీ ఇరవై నాలుగే వచ్చింది. మీరు క్లాసు మొత్తానికి ఫుల్ మార్కులు వేశారు."

నేను ఫ్లాస్కులు కడిగేశాను. వాడు కడుగుతానన్నా ఇవ్వలేదు. తుడిచి, బోర్లించి, స్టాప్‌వాచ్ జేబులో వేసుకుని ఇంటికొచ్చాను.

*

ఈ కథలో నేను ఇక్కడ మారిపోతానని మీరు అనుకుంటే, మీరు నా శిష్యులు కారన్నమాట. ఆ రాత్రి భోజనాల దగ్గర నేనన్న మాట ఇది:

"అమ్మాయ్, పరీక్ష వరకూ పిల్లల చేత ఇరవై నాలుగే రాయించు. నీ ఆర్డరు చేతికొచ్చాక ఎన్ని డబ్బాలైనా పెట్టుకో."

కోడలు అన్నం కలపడం ఆపింది. "ఇరవై నాలుగు ఎలా వచ్చిందో చెప్పండి మామయ్యగారూ. రేపే రాయిస్తాను."

మా ఆవిడ గరిటె గిన్నెలో పెట్టింది. మావాడు మొట్టమొదటిసారి కంచంలోంచి తలెత్తాడు.

"అనుభవం," అన్నాను.

"సరేనండీ," అంది కోడలు. "అయితే పిల్లలు కూడా వాళ్ళ అనుభవమే రాసుకుంటారు."

కొమ్ములొచ్చాయి అనుకున్నాను. ఎవరో దిగొచ్చి దీనికి గడ్డి పెడతారు, అప్పుడు నా కాళ్ళ దగ్గరికే వస్తుంది అనుకున్నాను. దిగొచ్చినవాడు నా శిష్యుడే అయ్యాడు.

వాణ్ణి అందరం 'స్కేలు' అనేవాళ్ళం. చదువుకునే రోజుల్లో వాడి రికార్డులో కెమిస్ట్రీ కన్నా మార్జిన్లు బాగుండేవి. ప్రతి తలకట్టు కిందా ఎర్ర సిరాతో రెండు గీతలు. అలాంటివాడు ఏమవుతాడు? ఎగ్జామినరయ్యాడు. వచ్చి ఇరవై ఆరు రికార్డులూ తిరగేసి, జేబులోంచి చీటీ తీసి, ఇరవై ఆరుమందికీ ఆ ప్రయోగానికి సున్నా వేశాడు. రెండు సెకన్ల తేడా దాకా క్షమిస్తాడట. ఏడు సెకన్లు వాడి దయకి అందలేదు. పైగా ఒక్కో రికార్డులో ఒక్కో అంకె: పదహారు, పదిహేడు, పద్దెనిమిది. పక్కవాడితో కలవని జవాబు వాడి దృష్టిలో నేరం.

మర్నాటికి తల్లిదండ్రులు గేటు దగ్గర మూగారు. ఆ మర్నాడు ప్రిన్సిపాల్ నన్ను పిలిపించింది. ఆవిడ గదిలో స్కేలు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. కోడలు గోడ పక్కన నిలబడి ఉంది. కూర్చోమని ఎవరూ అన్నట్టు లేదు.

"చిన్న సంతకం మాస్టారూ," అని ప్రిన్సిపాల్ ఒక కాగితం ముందుకు తోసింది. నీలం పుస్తకంలోని విలువలే ప్రామాణికమనీ, సెన్సార్లతో చెప్పిన పాఠం పొరపాటనీ, పాత పద్ధతిలో పిల్లలకి మళ్ళీ పరీక్ష పెట్టాలనీ ఉంది అందులో. "మీరు పెడితే పిల్లలు గట్టెక్కుతారు."

"టీచరు?"

"ఆవిడ సంగతి తరవాత చూద్దాం."

ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు 'తరవాత చూద్దాం' అంటే చూడరని అర్థం. కోడలు చేతులు కట్టుకుని నా చేతిలో పెన్ను వైపు చూస్తోంది. బతిమాలడం లేదు, బెదిరించడం లేదు. వంటింటి స్టూలు సంగతి మా ఆవిడ చెప్పే ఉంటుంది. ఒక్క మాట అంటే చాలు నా పరువు ఆ గదిలోనే పోతుంది. అనలేదు.

పెన్ను మూత తీశాను. పెట్టేసేవాణ్ణే. చెడగొట్టింది స్కేలు.

"మాస్టారి అంకె అంటే రాయి మీద చెక్కినట్టే మేడమ్," అన్నాడు చేతులు నలుపుకుంటూ. "ఇరవై ఏళ్ళుగా నేను పరీక్షలు చేస్తున్నాను. ఒక్క సెకను అటూ ఇటూ కాలేదు. ఎండైనా, వానైనా, చలైనా, ఏ స్కూలైనా ఇరవై నాలుగే! అదీ సైన్సంటే!"

నేను వాణ్ణి చూశాను. నున్నగా దువ్విన తల. జేబులో వరసగా మూడు రంగుల పెన్నులు. వాడి మొహంలో ఎక్కడా ఒక్క సందేహం లేదు, పసిపిల్లాడి అరికాలిలా ఉంది. ముప్ఫై నాలుగేళ్ళు నేను తయారుచేసిన సరుకు ఇదన్నమాట.

"నువ్వెప్పుడైనా ఈ ప్రయోగం చేశావురా?" అని అడిగాను.

"మీ పుస్తకం ఉండగా నేనెందుకు చేయడం మాస్టారూ?"

వాడి పొగడ్త కింద ఇంకో క్షణం కూర్చోలేననిపించింది. కోడలి మీద ప్రేమ అనుకోకండి. న్యాయం అని కూడా అనకండి. ఆ వెధవ మెచ్చుకునే అంకె నాది అని చెప్పుకోవడానికి సిగ్గేసింది, అంతే.

"ఆ పట్టిక నేను ఇంట్లో కూర్చుని రాశాను," అన్నాను. "హైపో లేదు, యాసిడ్ లేదు. పన్నెండు వందల్ని భాగించుకుంటూ పోయాను. వీళ్ళ అంకెలే నిజం. నాది అబద్ధం."

స్కేలు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చూశారా మేడమ్! ఎంత పెద్ద మనసో! కోడలి ఉద్యోగం కోసం తన పేరునే బురదలో వేసుకుంటున్నారు!"

ప్రిన్సిపాల్ కూడా జాలిగా తలాడించింది. "అర్థం చేసుకోగలను మాస్టారూ. కానీ ఇంటి విషయాలు ఇక్కడికి తేకండి."

జీవితంలో ఒక్కసారి నిజం చెబితే ఇదీ మర్యాద. అబద్ధం రాస్తే అచ్చేశారు. నిజం చెబితే ఓదారుస్తున్నారు.

"మేడమ్," అంది కోడలు గోడ పక్కనుంచి, చాలా మామూలుగా. "మామయ్యగారి మాటా వద్దు, నా మాటా వద్దు. ఎగ్జామినర్ గారినే చేయమనండి. ల్యాబు పక్కనే కదా."

స్కేలుకి అభ్యంతరం ఏముంటుంది? చొక్కా చేతులు మడిచాడు. అటెండరు ద్రావణాలు కొలిచి పెట్టాడు. కోడలు ఒక ఫ్లాస్కే వాడింది, దాని అడుగున ఇంటూ గుర్తు, ఇటు బల్బు, అటు నల్ల డబ్బా. గోడ మీద ఖాళీ గ్రాఫ్ వెలిగింది. స్కేలు యాసిడ్ పోసి, స్టాప్‌వాచ్ నొక్కి, దాన్ని కళ్ళకి దగ్గరగా పట్టుకున్నాడు.

గోడ మీద గీత అడ్డంగా పోయింది, వంగింది, దూకింది, పదిహేడుకి అడుగు తాకి పడుకుంది. ఫ్లాస్కు మజ్జిగలా తెల్లబడింది. స్కేలు చూపు వాచీ మీంచి కదల్లేదు. ప్రిన్సిపాల్ వాణ్ణి చూసింది, ఫ్లాస్కు చూసింది, గోడ చూసింది, మళ్ళీ వాణ్ణి చూసింది. అటెండరు దగ్గు వచ్చినట్టు నటించాడు.

"మాయం!" అన్నాడు స్కేలు గర్వంగా. "ఇరవై నాలుగు!"

ప్రిన్సిపాల్ గోడ వైపు వేలు చూపించింది. వాడు తలెత్తి గోడ చూశాడు.

"యంత్రం తొందరపడింది మాస్టారూ," అన్నాడు.

"ఇంకోసారి చేయండి," అంది ప్రిన్సిపాల్, చెయ్యి చాపి. "ఈసారి గడియారం నాకివ్వండి."

వాచీ చేతిలో లేకపోయేసరికి వాడికి ఎటు చూడాలో తెలియలేదు. బహుశా జన్మలో మొదటిసారి ఫ్లాస్కులోకి చూశాడు. వంగి, రెప్ప వేయకుండా, బావిలో ఏదో పారేసుకున్నవాడిలా.

"మాయం..." అన్నాడు. ఈసారి గొంతులో గర్వం లేదు.

"పదహారున్నర," అంది ప్రిన్సిపాల్.

ఆవిడ వాచీ బల్ల మీద పెట్టి, సంతకం కోసం తెచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో వేసుకుంది. క్షమాపణ చెప్పే అలవాటు ఆవిడకి లేదు. "పిల్లలకి మార్కులు వేసి పంపండి," అంది వాడితో. కోడలితో, "సోమవారం ఆఫీసులో కనబడండి, ఆర్డరు ఉంటుంది," అంది. నాతో ఏమీ అనలేదు. వెళ్ళేటప్పుడు నన్ను చూసిన చూపులో జాలి మాత్రం పోయింది. దాని స్థానంలో ఉన్నదాన్ని నేను బాగా ఎరుగుదును. ఎన్నో ఏళ్ళు క్లాసు మొత్తాన్ని ఆ చూపుతోనే చూశాను.

స్కేలు ఇరవై ఆరు రికార్డుల్లోనూ సున్నాలు కొట్టేసి మార్కులు వేశాడు, ప్రతి దిద్దుబాటు కిందా రెండు ఎర్ర గీతలతో. వెళ్తూ వెళ్తూ నా చెవి దగ్గరికి వచ్చాడు.

"మాస్టారూ, అయితే ఇకనుంచీ ఆన్సర్ కీలో పదిహేడని మార్చుకోమంటారా?"

కొందరికి చదువు చెప్పడమే తప్పు. ఆ తప్పు చేసినవాణ్ణి నేనే కాబట్టి, వాడికి ఒక నమస్కారం పెట్టి బయటికి నడిచాను.

*

సోమవారం ఆర్డరు వచ్చింది. మావాడు దాన్ని పట్టుకుని హాల్లో రెండు చుట్లు తిరిగాడు. వాడికి అంత చలనం ఉందని నాకప్పుడే తెలిసింది. నా మొహం చూసి గబుక్కున ఆగి, "కంగ్రాట్స్ నాన్నా," అన్నాడు. ఎందుకో వాడికీ తెలియదు.

ఆ వారంలోనే స్కూలు వాళ్ళు నీలం పుస్తకం ఆపేశారు. ఇంకో రెండు స్కూళ్ళు ఆపేశాయని విన్నాను. రోడ్డు మీద ఎదురయ్యే పాత శిష్యులు నమస్కారం పెడుతూనే ఉన్నారు, కాకపోతే ఇదివరకు ఆగి పెట్టేవాళ్ళు, ఇప్పుడు నడుస్తూ పెడుతున్నారు.

కోడలు థాంక్స్ చెప్పలేదు. చెబుతుందేమోనని నేను భయపడ్డాను కూడా. ఒక సాయంత్రం నేను వరండాలో పేపరు చదువుకుంటుంటే నీలం పుస్తకం, ఒక తెల్లకాగితం, పెన్ను పట్టుకొచ్చి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ప్రిన్సిపాల్ గారు కొత్త పుస్తకం రాయమన్నారు మామయ్యగారూ."

"రాయి. సంతోషం."

"మీ దాంట్లో నలభై రెండు ప్రయోగాలున్నాయి."

"ఊఁ."

"వాటిలో ఇంట్లో కూర్చుని రాసినవి ఏవేవో చెబితే, అవి ముందు చేయిస్తాను."

పేపరు మడిచాను. ఈ పిల్ల ముందు ఇంకో అబద్ధం ఆడటం అనవసరం. ఎలాగూ గోడ మీద వేసి చూపిస్తుంది.

"చేసినవి ఎన్నో అడుగు. లెక్క తొందరగా తేలుతుంది."

కోడలు నవ్వలేదు. పెన్ను మూత తీసి, పుస్తకం మొదటి పేజీ తెరిచింది. "ఎన్నండీ?"

వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. రెండుసార్లు.

"ఏడు."

"ఆరు," అంది మా ఆవిడ లోపలినుంచి.